వడ్లలో నెమ్ము తీసే లెక్క: ఎండకు ఎంత, గాలికి ఎంత, ఊక పొయ్యికి ఎంత

కోత మిషన్ తొట్టిలోంచి పడిన టన్ను వడ్లలో తేమ 22 శాతం ఉందంటే ఆ రాశిలో 220 కిలోల నీళ్లున్నట్టు. దాన్ని 14 శాతానికి దించాలంటే 93 కిలోల నీళ్లు, అంటే ఆరు బిందెలు, గింజల్లోంచి బయటికి పోవాలి. ఎండలో పోసినా, డ్రయ్యర్‌లో పోసినా పోవాల్సిన నీళ్లు అవే. ఆ నీళ్లను ఆవిరి చేసే వేడిని ఎక్కడినుంచి తెస్తున్నాం, అందులో ఎంత దండగ అవుతోంది అన్నదాన్ని బట్టే ఖర్చు పెరగడమో తగ్గడమో జరుగుతుంది.

ఈ లెక్క ఎవరికి వారు వేసుకోవచ్చు. ఇప్పటి తేమను 100లోంచి తీసేసి, దాన్ని బరువుతో గుణించండి. వచ్చినదాన్ని, కావలసిన తేమను 100లోంచి తీసేస్తే మిగిలే అంకెతో భాగించండి. 1000 × 78 ÷ 86 = 907 కిలోలు. తగ్గిన 93 కిలోలూ నీళ్లే. చాలామంది 22లోంచి 14 తీసేసి 80 కిలోలే తగ్గాలి అనుకుంటారు. తూకంలో ఎవరో కొట్టేశారన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

కిలో నీళ్లు ఆవిరి కావడానికి సుమారు 2.5 మెగాజౌళ్ల వేడి కావాలి. లీటరు డీజిల్‌లో దాదాపు 36 మెగాజౌళ్లు ఉంటాయి, కిలో ఊకలో 13 నుంచి 15. చుక్క కూడా వృథా కాకుంటే టన్ను వడ్లకు ఆరున్నర లీటర్ల డీజిల్ సరిపోవాలి. కానీ వేడి గాలి డ్రయ్యర్లు కిలో నీటికి 4 నుంచి 7 మెగాజౌళ్లు తినేస్తాయి. అంటే 10 నుంచి 18 లీటర్లు. మిషన్ కొత్తదా పాతదా అన్నదానికంటే, ఏ నెమ్మును దేనితో తీస్తున్నాం అన్నదే ఈ తేడాను ఎక్కువగా తేలుస్తుంది.

గింజలో నీళ్లన్నీ ఒకే తీరుగా ఉండవు. 24 నుంచి 18 దాకా ఉండే నీళ్లు పైపైన ఉంటాయి, కాస్త వేడి తగిలితే చకచకా పోతాయి. 18 కిందికి వచ్చాక మిగిలినవి బియ్యపు గింజ నడిమధ్య నుంచి నెమ్మదిగా పైకి రావాలి. అప్పుడు గాలిని ఎంత వేడి చేసినా అవి తొందరపడవు. ఆ వేడి గింజకు పనిచేయకుండా గాల్లో కలిసిపోతుంది. పైపొర ఎండి ముడుచుకుంటుంది, లోపల మాత్రం నెమ్ము అలాగే ఉంటుంది, ఆ లాగులాటలో గింజ పగులుతుంది. అందుకని మొదటి భాగం ఎండతోనో వేడి గాలితోనో తీయాలి. రెండో భాగానికి చల్లగాలి, విశ్రాంతి చాలు. ఇంధనం మిగిలేది ఇక్కడే, నూక తగ్గేది కూడా ఇక్కడే.

ఎక్కడ ఆపాలో ముందే అనుకోండి

కొనుగోలు కేంద్రంలో అమ్మే ధాన్యానికి తేమ 17 శాతం దాటకూడదు. మర పట్టించి తిండికి వాడుకునే వడ్లకు 14 కావాలి. నెలల తరబడి నిల్వ చేస్తే 13. విత్తనానికి 13 మించకూడదు, 12 ఉంటే నిశ్చింత.

కేంద్రానికి తోలే ధాన్యాన్ని 14 దాకా ఎండబెట్టడం చేజేతులా నష్టం. 17 శాతం ఉన్న క్వింటాలు 14కు వస్తే మూడున్నర కిలోలు తగ్గుతుంది. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన క్వింటాలుకు 80 రూపాయలకు పైగా ఆవిరైపోయినట్టే, ఆ ఆవిరికి పెట్టిన కూలీ, డీజిల్ అదనం. 16.5 దగ్గర ఆపండి. ఆ అర శాతం, తేమ కొలిచే మిషన్ల మధ్య ఉండే తేడాకు సరిపోతుంది.

పొలంలోనే పోయే నీళ్లు

అన్నిటికన్నా చవక డ్రయ్యర్ నిలబడి ఉన్న చేనే. కోతకు 7 నుంచి 10 రోజుల ముందు మడిలో నీళ్లు తీసేయాలి. అలా తీస్తే గింజ కంకి మీదే ఆరుతుంది. నేల గట్టిపడి, చైన్ మిషన్ అక్కర్లేకుండా టైర్ల మిషనే దిగగలుగుతుంది, కోత ఖర్చు కూడా తగ్గుతుంది.

కోత పొద్దున్నే మొదలుపెట్టకండి. మంచు కురిసిన చేనును ఏడింటికి కోస్తే గింజకు అంటిన మంచు నీళ్లు కూడా తొట్టిలోకి వస్తాయి, తాలూ గడ్డీ సరిగా విడిపోవు. పదకొండు దాటాక కోసిన వడ్లు అదే చేనువైనా చేతికి తేడా తెలుస్తుంది.

అలాగని మరీ ఆలస్యమూ పనికిరాదు. 20 నుంచి 22 శాతం మధ్య కోయాలి. చేనులోనే 17, 16కు దిగిపోతే పగటి ఎండకు ఎండిన గింజ రాత్రి మంచుకు మళ్లీ నీళ్లు పీల్చి, కంకి మీదే పగులుతుంది. యాసంగిలో, దాళ్వాలో (రబీ పంటలో) నూక ఎక్కువ రావడానికి ఇదొక కారణం. ఏప్రిల్ ఎండల్లో నాలుగు రోజుల ఆలస్యం కూడా ఎక్కువే.

ఎండ: ఊరికే వస్తుంది, కానీ పద్ధతి కావాలి

24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఉన్న టార్పాలిన్ పట్టా ఒకటి పరిస్తే 40 చదరపు మీటర్లు. మంచి ఎండ ఉన్న రోజు చదరపు మీటరు మీద దాదాపు 18 మెగాజౌళ్ల వేడి పడుతుంది. అంటే ఒక్క పట్టా మీద ఒక్క రోజులో 20 లీటర్ల డీజిల్‌కు సమానమైన వేడి పడుతోంది. దాంట్లో మనం వాడుకునేది కొంచెమే. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: మందంగా పోయడం.

పొర మందం 3 సెంటీమీటర్లు, అంటే అంగుళం పైన కొద్దిగా. చూపుడు వేలు రెండో కణుపు దాకా దిగితే అది ఎక్కువైనట్టు. ఎకరానికి రెండున్నర టన్నులు పండితే 3 సెంటీమీటర్ల పొరకు 145 చదరపు మీటర్లు కావాలి. నాలుగు పట్టాలు అన్నమాట. మామూలుగా కనిపించేది రెండు పట్టాలు. అప్పుడు పొర దాదాపు ఐదున్నర సెంటీమీటర్లు అవుతుంది, పైన రెండు సెంటీమీటర్లు పెళపెళా ఎండిపోతాయి, అడుగున పచ్చిగా ఉండిపోతాయి. రెండు రోజుల్లో అయ్యే పని నాలుగు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల కూలీతో ఇంకో రెండు పట్టాలు అద్దెకు తెచ్చుకోవచ్చు. మరీ పలచగా, ఒక్క సెంటీమీటరు పోయడం కూడా తప్పే. గింజ వేగిపోయి పగుళ్లు వస్తాయి.

అరగంటకోసారి తిరగేయాలి. కాళ్లతో చాళ్లు తీయడం మంచి పద్ధతే, కాకపోతే చాళ్లు ఎప్పుడూ ఒకవైపే తీయకూడదు. ఒకసారి నిలువు, మరోసారి అడ్డం. చాలు తీసినచోట పట్టా కనపడాలి. ఆ కనపడిన పట్టా వేడెక్కుతుంది, పక్క చాలులోని వడ్లను తర్వాతి సారి దానిమీదికి లాగినప్పుడు ఆ వేడి అడుగునుంచి పనిచేస్తుంది. చాలు దిబ్బల వల్ల గాలి తగిలే మేరా పెరుగుతుంది.

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర దాకా కన్నేసి ఉండాలి, ముఖ్యంగా దాళ్వాలో. సిమెంటు కల్లం మీద, తారు రోడ్డు మీద గింజ వేడి 50 నుంచి 60 డిగ్రీలకు పోతుంది. అరికాలు రెండు నిమిషాలు ఆన్చలేకపోతున్నారంటే గింజ కూడా తట్టుకోలేదని గుర్తు. అప్పుడు వడ్లను దగ్గరికి లాగి చాళ్లు మందంగా చేయండి, లేదా ఆ రెండు గంటలూ పైన పాత చీరలో, గోనె పట్టాలో కప్పండి. విత్తనమైతే గింజ వేడి 43 డిగ్రీలు దాటకూడదు. దాటితే మొలక శాతం పడిపోతుంది, పైకి చూస్తే గింజ బాగానే ఉంటుంది, నారుమడిలో పోశాక గానీ బయటపడదు.

తారు రోడ్డు మీద పోయడం మానుకోండి. రాళ్లు కలుస్తాయి, టైర్ల కింద గింజ నలుగుతుంది. రాత్రి నల్ల పట్టా కప్పిన రాశి చీకట్లో కనపడక బైకు మీద వచ్చేవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. గత్యంతరం లేక పోసినా, రాశిని రోడ్డు మీద రాత్రి ఉంచొద్దు.

పచ్చి నేల మీద పట్టా పరిస్తే నేల చెమ్మ కిందినుంచి పైకి వస్తూనే ఉంటుంది. ముందు జానెడు మందం ఎండుగడ్డి గానీ, రెండు అంగుళాల ఊక గానీ వేసి దానిమీద పట్టా పరవండి. చుట్టూ పార లోతు కాలువ తీయండి.

ఎండనే వాడుకుంటూ వానకు తడవని ఏర్పాటు కావాలంటే సోలార్ బబుల్ డ్రయ్యర్ ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం, గ్రెయిన్‌ప్రో కంపెనీ కలిసి రూపొందించాయి. కింద నల్ల పట్టా, పైన పారదర్శక పట్టా, మధ్యలో చిన్న ఫ్యాన్లు ఊదే గాలి. టన్ను వడ్ల నమూనా 25 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉంటుంది. మంచి ఎండలో మామూలు పట్టా కంటే ఇది తొందరగా ఏమీ ఆరబెట్టదు. దీని విలువంతా జల్లు పడినప్పుడు పరుగెత్తాల్సిన పని లేకపోవడంలో, పక్షులూ పశువులూ తినకపోవడంలో ఉంది. సార్వా (ఖరీఫ్) కోతలకు పనికొస్తుంది, ఏప్రిల్‌లో అవసరం పడదు.

సాయంత్రం రాశి

నాలుగున్నరకల్లా, మంచు మొదలవకముందే, వడ్లు వేడిగా ఉండగానే రాశి చేయాలి. ఇది వానకు భయపడి చేసే పనే అనుకుంటాం గానీ, డ్రయ్యర్ కంపెనీలు ప్రత్యేకంగా తొట్టి కట్టి మరీ చేసే పని ఇదే. రాత్రంతా ఆ వేడికి గింజ నడుమ ఉన్న నెమ్ము పైపొరకు చేరుతుంది. పొద్దున్న పరిచినప్పుడు అది మొదటి రెండు గంటల్లోనే పోతుంది. రూపాయి ఖర్చు లేని విశ్రాంతి.

దీన్ని చెడగొట్టేది పట్టా. వేడి రాశి మీద ప్లాస్టిక్ పట్టా వెంటనే బిగించి కప్పితే ఆవిరి పట్టాకు తగిలి నీళ్లై పైగింజల మీద కారుతుంది. పొద్దున్న పట్టా తీస్తే పైనున్న అరచేయి మందం తడిసి ఉంటుంది. వాన పడలేదే, ఎలా తడిసిందని ఆశ్చర్యపోతారు. అరగంట రాశిని తెరిచి ఉంచండి. తర్వాత ముందు గోనె సంచులో ఎండుగడ్డో వేసి, దానిమీద పట్టా కప్పండి. కొసన బెత్తెడు తెరిచి పెట్టండి. పొద్దున్న తొమ్మిది దాకా, మంచు పూర్తిగా విడిచేదాకా పరవొద్దు.

22 శాతం పైన ఉన్న వడ్లకు ఈ రాత్రి రాశి కూడా ప్రమాదమే. రాశిలోకి మోచేతి దాకా చేయి పెట్టి చూడండి. బయటికన్నా లోపల వేడిగా తగిలితే అది ఎండ వేడి కాదు, గింజ ఊపిరి తీసుకుంటూ, బూజు పెరుగుతూ పుట్టిస్తున్న వేడి. అప్పుడు అర్ధరాత్రైనా రాశిని తిరగదోడాల్సిందే. లేకపోతే బియ్యం పసుపు రంగుకు తిరుగుతుంది, ముక్క వాసన వస్తుంది, ఆ రంగు ఎంత పాలిష్ పట్టినా పోదు.

గాలి ఒక్కటే: అందరూ వదిలేస్తున్న పద్ధతి

18 శాతానికి దిగిన వడ్లను 14కు తేవడానికి మంట అవసరం లేదు. తెలంగాణలో నవంబరు, డిసెంబరు పగటి గాలి చాలు. కోస్తాలో మబ్బు లేని రోజు గాలి కూడా చాలు.

దీనికి తెలుసుకోవాల్సింది ఒకటే సూత్రం. గాలిలో తేమ 75 శాతం ఉంటే వడ్లు ఎన్నాళ్లు ఉంచినా సుమారు 14 దగ్గర ఆగిపోతాయి. 90 శాతం ఉంటే 17, 18 దగ్గరే ఆగుతాయి. అంటే 75 కంటే తక్కువ తేమ ఉన్న గాలి ఊదినంతసేపూ వడ్లు 14 వైపు దిగుతుంటాయి. గాలి తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు కొని ఫ్యాన్ పక్కన తగిలించండి. మొత్తం ఏర్పాటులో అతి తక్కువ ఖరీదు వస్తువు అదే, డబ్బు మిగిల్చేదీ అదే.

ఐదు టన్నుల రాశికి ఇలా అమర్చుకోవచ్చు. పట్టా మీద రెండు 6 అంగుళాల పీవీసీ పైపులు నాలుగు అడుగుల ఎడంలో పడుకోబెట్టండి. పైపు ఒంట్లో పదో వంతు మేర రంధ్రాలుండాలి. రంధ్రాల్లోకి గింజ పోకుండా దోమతెర వల చుట్టండి. అటు చివర్లు మూసేయండి. ఇటు చివర్లు రెండూ ఒక సగం హెచ్‌పీ బ్లోయర్‌కు కలపండి. వీటిమీద వడ్లు మీటరు ఎత్తుకు మించకుండా, పైభాగం చదునుగా ఉండేలా పోయండి. గోపురంలా పోస్తే గాలి అంచుల్లోంచి తప్పించుకుని, నడిమధ్య పచ్చిగా మిగిలిపోతుంది. టన్నుకు గంటకు 180 ఘనపు మీటర్ల గాలి అందితే సరిపోతుంది.

18 నుంచి 14కు దిగడానికి మొత్తం 90 గంటల దాకా ఊదాలి. రోజూ తొమ్మిది నుంచి ఆరు దాకా ఊదితే పది రోజులు. కరెంటు మొత్తం 33 యూనిట్లు, అంటే టన్నుకు 7 యూనిట్ల లోపే. ఇదే పని వేడి గాలితో చేస్తే టన్నుకు ఐదు నుంచి తొమ్మిది లీటర్ల డీజిల్ కాలుతుంది. పది రోజులు ఆగే వీలున్నవారికి, తిండి గింజలకు, విత్తనానికి, సన్న రకాలు దాచి తర్వాత అమ్ముకునేవారికి దీన్ని మించింది లేదు. నూక కూడా అన్ని పద్ధతుల్లోకీ తక్కువ వచ్చేది దీంట్లోనే.

పెద్ద ఫ్యాన్ పెడితే తొందరగా ఆరుతుందని హెచ్‌పీ పెంచకండి. అదే పైపుల్లోంచి రెట్టింపు గాలి పంపాలంటే కరెంటు దాదాపు ఎనిమిది రెట్లు తాగుతుంది.

మబ్బు పట్టి గాలి తేమ 90కి చేరితే ఏం చేయాలి? వడ్లు 18 పైన ఉంటే ఫ్యాన్ ఆపొద్దు, రాత్రి కూడా తిరగనివ్వండి. ఆ గాలి ఆరబెట్టదు గానీ రాశి వేడెక్కకుండా కాపాడుతుంది. వడ్లు 16 కిందికి వచ్చి ఉంటే మాత్రం ఆపేయండి, లేకపోతే తిరిగి నెమ్ము పట్టి గింజ పగులుతుంది. ఆగే వీల్లేకపోతే గాలిని ఆరు డిగ్రీలు మాత్రం వేడి చేయండి. 24 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలి 30 డిగ్రీలకు వస్తే దాని తేమ 63 శాతానికి పడిపోతుంది. ఐదు టన్నుల రాశికి రెండు కిలోవాట్ల హీటరు చాలు. హీటరు బ్లోయర్ గాలి పీల్చేవైపు, గడ్డికీ పట్టాకూ దూరంగా ఉండాలి. బ్లోయర్ ఆగితే హీటరు కూడా ఆగేలా రెండింటికీ ఒకే స్విచ్ పెట్టండి, లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు నిప్పంటుకుంటుంది.

ఊక పొయ్యి బెడ్ డ్రయ్యర్

సార్వాలో ఎండ నమ్మలేనప్పుడు, నాలుగైదు ఎకరాలు ఒకేసారి కోసినప్పుడు వేడి గాలి తప్పదు. టన్ను వడ్లు మర పడితే దాదాపు 200 కిలోల ఊక వస్తుంది. టన్ను వడ్లు 22 నుంచి 14కు దించడానికి 45 నుంచి 60 కిలోల ఊక కాలుతుంది. తన ఊకలో నాలుగో వంతుతో ఏ వడ్లైనా ఆరిపోతాయి. అందుకే వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో ఊక పొయ్యితో నడిచే బెడ్ డ్రయ్యర్లు అంతగా పాకాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ నవంబరు మబ్బులుంటాయి, మిల్లుల దగ్గర ఊక దొరుకుతుంది.

నాలుగు టన్నుల బెడ్‌కు 8 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల ఇటుక తొట్టి కావాలి. అడుగున చిల్లుల రేకు, దాని కింద రెండడుగుల ఖాళీ గాలి గది. రేకు మీద వడ్లు 30 సెంటీమీటర్లు. ఫ్యాన్ సెకనుకు 4 ఘనపు మీటర్ల గాలి ఇవ్వాలి, దానికి 7.5 హెచ్‌పీ మోటారు. ఎనిమిది గంటల్లో 45 యూనిట్లు, టన్నుకు 11.

నడిపే తీరు ఇది. ముందు తాలు, గడ్డి తూర్పారబట్టి తీసేయండి. గడ్డి ముక్కలు చేరినచోట గాలి దూరదు, అక్కడ పచ్చి ముద్ద మిగులుతుంది. వడ్లు పోసి పైన పలకతో చదును చేయండి. వానకు తడిసిన ధాన్యమైతే మొదటి అరగంట మంట లేకుండా గాలే ఊదండి. పైనున్న నీళ్లు ఊరికే పోతాయి. తర్వాత పొయ్యి వెలిగించి, గాలి గదిలో థర్మామీటర్ 43 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. విత్తనానికి 40 దగ్గర ఉంచండి. నాలుగో గంటకు మంట తగ్గించి, పారతో అడుగువి పైకి, పైవి అడుగుకి తిరగేయండి. చాలాచోట్ల ఈ పని ఎగ్గొడతారు. ఎగ్గొడితే అడుగు పొర 11కు ఎండిపోతుంది, పై పొర 17 దగ్గరే ఉంటుంది, మిషన్ సగటు చూసి 14 అంటుంది. రెండూ ఒకే బస్తాలో పడ్డాక ఎండిన గింజ పచ్చి గింజలోంచి నెమ్ము లాక్కుని పగులుతుంది. మర దగ్గర నూక చూసి రకాన్ని తిట్టుకుంటారు.

15 శాతానికి రాగానే మంట ఆర్పేయండి, ఫ్యాన్ మాత్రం ముప్పావుగంట తిప్పండి. గింజలో మిగిలిన వేడే ఇంకో అర శాతం నుంచి ఒక శాతం నెమ్మును బయటికి తోస్తుంది, గింజ చల్లబడుతుంది. ఈ ఒక్క అలవాటుతో చివరి గంట ఊక మిగులుతుంది.

దండగ ఎక్కడ జరుగుతోందో చేతితోనే తెలుస్తుంది. ఫ్యాన్‌కూ తొట్టికీ మధ్య ఉన్న గుడ్డ గొట్టం చుట్టూ అరచేయి తిప్పండి, వేడి గాలి తగిలినచోటల్లా చిల్లి ఉన్నట్టు. బెడ్ పైన పలచటి కాగితం ముక్కలు అక్కడక్కడ వేయండి. ఎక్కడ కాగితం ఎక్కువ ఎగురుతోందో అక్కడ పొర పలచగా ఉంది, ఇంకొంచెం వడ్లు లాగండి. మొదటి రెండు గంటల్లో పైకి వచ్చే గాలి చల్లగా, చెమ్మగా ఉంటుంది. అది వేడి పూర్తిగా పనిచేసిందనడానికి గుర్తు. చివర్లో పైనుంచి వేడిగా, పొడిగా గాలి వస్తుంటే సగం వేడి ఆకాశంలోకి పోతోందని అర్థం. అప్పుడు మంట తగ్గించాలి, లేదా ఆ గాలినే గుడారం కట్టి మళ్లీ ఫ్యాన్ వైపు మళ్లించాలి.

పొగ నేరుగా వడ్లలోకి పోయే పొయ్యి ఇంధనం తక్కువ తింటుంది. కానీ నిప్పురవ్వలు, బూడిద వస్తాయి. పొయ్యికీ ఫ్యాన్‌కూ మధ్య రవ్వలు పడిపోయే ఇటుక గది తప్పనిసరి. సన్న బియ్యానికి, విత్తనానికి పొగ తగలని వేడి మార్పిడి గొట్టాల పొయ్యే మేలు, ఊక కాస్త ఎక్కువ పట్టినా.

మిల్లు డ్రయ్యర్లు, డీజిల్ డ్రయ్యర్లు

మిర్యాలగూడ మిల్లర్లు కోసిన పచ్చి వడ్లను నేరుగా కొనగలగడం వెనక ఉన్నది ఎత్తైన టవరు డ్రయ్యర్లు. వీటిలో వడ్లు పైనుంచి కిందికి జారుతూ కొన్ని నిమిషాలు వేడి గాలి తిని, తర్వాత తొట్టిలో విశ్రాంతి తీసుకుని, మళ్లీ ఎలివేటర్ మీదుగా పైకి పోతాయి. సాయంత్రం రాశిలో రాత్రంతా జరిగేదే ఇక్కడ దఫాలుగా జరుగుతుంది. గాలి 60 డిగ్రీలు ఉన్నా గింజ 42 దాటదు. గంటకు ఒక శాతం కంటే వేగంగా దించమని ఒత్తిడి పెట్టకండి. మీ వడ్లు మిల్లులోనే ఆరబెట్టి అమ్ముకునేట్టయితే, వేరే రైతు 18 శాతం వడ్లూ మీ 24 శాతం వడ్లూ ఒకే దఫాలో కలపొద్దని చెప్పండి.

ట్రాక్టర్‌కు తగిలించే మొబైల్ డ్రయ్యర్లు కల్లం దగ్గరికే వస్తాయి. వేగంలో వీటికి సాటి లేదు, డీజిల్ తిండిలోనూ లేదు. వీటిని 14 దాకా వాడకండి. 24 నుంచి 18కి దించడానికి మాత్రం వాడి, మిగతాది ఎండకో, పైపుల గాలికో వదిలేయండి. 24 నుంచి 14 దాకా టన్నుకు 116 కిలోల నీళ్లు పోవాలి. 18 దగ్గర ఆపితే 73 కిలోలే. కాలే డీజిల్ అంతకన్నా ఎక్కువగా తగ్గుతుంది, ఎందుకంటే వదిలేసిన 43 కిలోలే మొండి నీళ్లు.

తేమ మిషన్‌ను నమ్మే ముందు

ఇంటి దగ్గర 16.5 చూపించిన వడ్లు కేంద్రంలో 17.8 చూపిస్తాయి. ప్రతిసారీ అది మోసం కాదు. ఎండలోంచి తీసిన గింజ పైపొర ఎక్కువ ఎండి ఉంటుంది. రాత్రి గడిచాక లోపలి నెమ్ము పైకి వచ్చి మీటరు అర నుంచి ఒక శాతం ఎక్కువ చూపిస్తుంది. వేడి గింజ మీద కొలిచినా అంకె తప్పుతుంది. రాశిలో పైన, నడుమ, అడుగున, కనీసం ఐదు చోట్ల గుప్పెడేసి తీసి కలిపి, మూత ఉన్న డబ్బాలో గంట ఉంచి, చల్లబడ్డాక మూడుసార్లు కొలిచి సగటు తీయండి. ఇలా పొద్దున్న, రాశి విప్పకముందే కొలిచిన అంకెను నమ్ముకుని బండి తోలవచ్చు.

మిషన్ లేనప్పుడు ఉప్పు సీసా పరీక్ష ఉంది. బాగా ఎండిన గాజు సీసాలో మూడో వంతు వడ్లు పోసి, పెనం మీద వేయించి చల్లార్చిన మెత్తటి ఉప్పు 20, 30 గ్రాములు వేసి నిమిషం పాటు ఊపండి. పావుగంట ఆగి చూస్తే, ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 పైన ఉన్నట్టు. పొడిగా జారిపోతే 15 లోపే.

పగుళ్లు చూడటం ఇంకా తేలిక. పొట్టు చేత్తో ఒలిచిన ఇరవై గింజలు ఫోన్ టార్చి మీద పెట్టి, గది చీకటి చేసి చూడండి. మంచి గింజ ఏకంగా వెలుగుతుంది. పగిలిన గింజలో అడ్డంగా నల్లటి గీత కనపడుతుంది. ఇరవైలో ఐదారు గీతలు కనపడితే ఆరబెట్టడంలో ఎక్కడో వేగం ఎక్కువైంది. ఆరిన వెంటనే చూస్తే గీతలు కనపడకపోవచ్చు. పగుళ్లు తర్వాత గంటల్లో తేలుతాయి కాబట్టి మర్నాడు చూడండి.

తుఫాను వార్త వచ్చినప్పుడు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో కోతలు, కల్లాలు జోరుగా ఉన్నాయి. అలాంటి రోజుల్లో ఇంధనం లెక్క పక్కన పెట్టి గింజను బతికించుకోవాలి.

కోయని చేను పడిపోయి తడిస్తే, కంకి మీద మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల గళ్లుప్పు కరిగించి, కంకులు తడిసేలా పిచికారీ చేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తల సిఫారసు. కోసిన వడ్లు తడిసి, ఎండా డ్రయ్యరూ రెండూ లేకపోతే క్వింటాలుకు ఒక కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక బాగా కలిపి రాశి పోయండి. ఊక నెమ్ము పీల్చుకుని గింజల మధ్య గాలి ఆడనిస్తుంది, ఉప్పు మొలకను ఆపుతుంది. ఎండ రాగానే పరిచి, ఆరాక తూర్పారబట్టి ఊక, ఉప్పు వేరు చేయాలి. విత్తనానికి ఉంచే వడ్లలో మాత్రం ఉప్పు కలపొద్దు. ముందుగా వాటిని ఇంట్లోకి చేర్చి, గదిలో నేల మీద రెండు అంగుళాల పొరగా పోసి, పైన సీలింగ్ ఫ్యాన్, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి, కిటికీలు తీసి ఉంచండి. రెండు గంటలకోసారి తిరగేస్తూ ఉండాలి. కరెంటు పోతే తిరగేయడం గంటకోసారి చేయండి.